చెప్పిన లోపానికి ఒక ధర, దాచిన లోపానికి రెండు

జనగామ వైపు బోర్లలోంచి మోటార్లు పైకి లాగేచోట, మహబూబాబాద్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గర, భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టుల చుట్టూ పనిచేసే కాంట్రాక్టర్ల షెడ్లలో సర్వీసు లారీకి ఎప్పుడూ పనుంటుంది. సరుకు మోయడం దాని పని కాదు. వెనక బాడీలో కంప్రెసరు, వెల్డింగ్ సెట్టు, డీజిలు డ్రమ్ములు, చిన్న క్రేను పెట్టుకుని, యంత్రం ఎక్కడ ఆగిపోతే అక్కడికి వెళ్ళి బాగుచేసి రావడం దాని పని. సైన్యం కొన్నేళ్ళు వాడి వేలంలో వదిలేసిన డీజిలు లారీ ఇలాంటి పనికి బాగా నప్పుతుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి వానాకాలం నల్లరేగడిలోనూ, క్వారీ ఎత్తుపల్లాల్లోనూ తొందరగా దిగబడదు. ఛాసిస్ దిట్టంగా ఉంటుంది. అయితే కొనే రోజున ఉన్న ఉత్సాహం అమ్మే రోజుకి తలనొప్పిగా మారుతుంది. అడిగేవాళ్ళు తక్కువ, వాళ్ళు చెప్పే ధర ఇంకా తక్కువ. బండిలో ఇంకా దమ్ముందని యజమానికి తెలుసు. ఆ నమ్మకం ఎదుటివారికి కుదరదు.

అప్పుడు చాలామంది పట్టే దారి ఒకటే. రంగు వేయించి, ఇంజన్ కడిగించి, లోపాలు కంటపడకుండా సర్ది, బేరాన్ని వీలైనంత త్వరగా తెంపుకోవాలని చూస్తారు. ఈ అధ్యాయం చెప్పేది దానికి పూర్తిగా వ్యతిరేకం. పాత బండి అమ్మకంలో, ముఖ్యంగా నలుగురికీ అలవాటులేని మిలిటరీ డిస్పోజల్ బండి అమ్మకంలో, లోపాన్ని ముందే చెప్పి, చూపించి, రాసివ్వడమే లాభసాటి పద్ధతి. చెప్పిన లోపానికి మనం ఒక్కసారే మూల్యం కడతాం. బేరంలో కొంత తగ్గుతుంది, అక్కడితో సరి. దాచిన లోపానికి రెండుసార్లు కడతాం. కొనేవారి అనుమానం ధరను ముందే కోసేస్తుంది. అమ్మకం అయిపోయాక అదే లోపం గొడవగానో, నోటీసుగానో మళ్ళీ మన గుమ్మం తొక్కుతుంది. నిజం చెప్పడం మంచిదని పెద్దలు చెప్పే మాటకు ఇక్కడ లెక్క కూడా తోడుంది, చట్టం కూడా తోడుంది. రెండూ వరసగా చూద్దాం.

కొనేవారి అనుమానానికి లెక్క

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. 2001లో మరో ఇద్దరితో కలిసి ఆయన అందుకున్న ఆర్థికశాస్త్ర నోబెల్‌కు పునాది ఆ వ్యాసమే. అందులోని ఆలోచనను మన లారీకి అన్వయించుకుందాం. ఒక రకం లారీల్లో మంచి స్థితిలో ఉన్నది ఆరు లక్షలు, పాడైనది మూడు లక్షలు చేస్తుందనుకోండి. ఏది ఎలాంటిదో అమ్మేవారికి తెలుసు, కొనేవారికి తెలియదు. తెలియనప్పుడు ఎవరూ ఆరు లక్షలు పెట్టరు. నడిమధ్యన నాలుగున్నర దగ్గర ఆగుతారు. మంచి బండి ఉన్న యజమానికి ఆ ధర గిట్టదు, అమ్మకం మానుకుంటాడు. ఇక సంతలో మిగిలేవి ఎక్కువగా పాడైన బండ్లే. అది పసిగట్టిన కొనుగోలుదారులు నాలుగున్నర నుంచి కూడా కిందికి దిగుతారు. ఇలా మంచి బండి దాని తప్పేమీ లేకుండానే పాడైన బండి ధరకు పడిపోతుంది. దాని విలువను తినేసింది ఇంజన్‌లోని అరుగుదల కాదు, కొనేవారికి విషయం తెలియకపోవడం.

ఈ సూత్రం మన రైతులకు కొత్తదేమీ కాదు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెస్తే వ్యాపారి బస్తా మూతి దగ్గరి కాయను చూసి ధర చెప్పడు, అడుగుదాకా చెయ్యి పెడతాడు. మంచి కాయలో తాలు కలిసి కనిపించిందంటే ఆ లాటు మొత్తానికీ ధర తెగ్గోస్తాడు. తాలును వేరుచేసి తెచ్చిన రైతుకు తాలుకు తాలు ధర, మంచికి మంచి ధర విడివిడిగా వస్తాయి. లోపాన్ని వేరుచేసి చూపించినప్పుడు మిగతా సరుకు మీద అనుమానం పోవడమే దీని కిటుకు. బండి విషయంలోనూ అంతే. క్లచ్ ప్లేటు అరిగిందని మనమే చెబితే కొనేవారు క్లచ్ ప్లేటు ఖరీదు తగ్గించమంటారు. అదే వారికి నడిపి చూసేటప్పుడు తెలిస్తే గేర్ బాక్సు, క్రౌను, ఇంజన్ కూడా అలాగే ఉంటాయని ఊహించి, ఆ ఊహకు సరిపడా తగ్గిస్తారు.

మిలిటరీ బండి దగ్గర ఈ అనుమానం మామూలు లారీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పదేళ్ళనాటి మామూలు లారీ గురించి వరంగల్ ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ను అడిగినా ఓ మాట చెబుతాడు. సైన్యం వాడిన బండి గురించి చెప్పగలిగేవారు తక్కువ. దాని కాగితాలు ఎలా ఉండాలో తెలియదు, సామాను దొరుకుతుందో లేదో తెలియదు, ఎంత తిరిగిందో తెలియదు. ఈ మూడింటికీ జవాబు సిద్ధం చేసుకోవడమే అమ్మేవారి అసలు పని. బండిని మెరిపించడం ఆ తర్వాతి మాట.

ముందు కాగితం, తర్వాత ఇంజన్

సైన్యం వాడే బండ్లు మామూలు ఆర్టీవో రిజిస్టర్లలో ఉండవు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 60వ సెక్షన్ కింద వాటిని రక్షణ అవసరాల బండ్లుగా వేరే నమోదు చేస్తారు. పైకి చూపే బాణం గుర్తుతో కనిపించే నంబరు ప్లేటు ఆ పద్ధతిలో వచ్చిందే. బండి రక్షణ అవసరాల నుంచి బయటికి వచ్చాక అందరికీ వర్తించే 39, 40 సెక్షన్లు దానికీ వర్తిస్తాయని అదే సెక్షన్ చెబుతోంది. అంటే పౌర రిజిస్ట్రేషన్ లేనిదే అది రోడ్డెక్కకూడదు. ప్రభుత్వ వేలంలో కొన్నవారు బండి స్వాధీనమైన 30 రోజుల్లో ఫారం 32లో దరఖాస్తు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 57వ నిబంధన చెబుతుంది. అమ్మకాన్ని ఖరారు చేస్తూ వేలం అధికారి ఇచ్చిన పత్రం, వేలానికి అనుమతించిన ఉత్తర్వు నకలు దానికి జతచేయాలి. కాబట్టి మీ ఫైలు వేలం రోజునుంచే మొదలవ్వాలి. 1964లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా ఈ-వేలంలో కొన్నదైతే లాటు నంబరు, డెలివరీ ఆర్డరు, డబ్బు కట్టిన రసీదు, గేటు పాసు అన్నీ ఒకచోట ఉండాలి. ఇవి లేని బండి ఎంత బాగా నడిచినా దానికి వచ్చేది పాత ఇనుము ధరే. అమెరికాలోనూ పరిస్థితి ఇంతే. అక్కడ సైన్యం మిగులు లారీని కొన్నవారికి ఎస్‌ఎఫ్-97 అనే ప్రభుత్వ పత్రం అందితేనే దాన్ని తమ పేరున నమోదు చేయించుకునే వీలుంటుంది. 2014 చివర్లో హమ్వీ అనే సైనిక వాహనాలను జనానికి వేలం వేసినప్పుడు రోడ్డుమీద తిప్పకూడదన్న షరతుతోనే అమ్మారు.

కాగితంలో చిన్న తేడాలే పెద్ద అనుమానాలకు దారితీస్తాయి. పాత వరంగల్ జిల్లా 2016 అక్టోబరు 11న విడిపోయాక భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అంకెలు వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీఎస్ బదులు టీజీ వస్తోంది. మీ ఆర్సీ మీద ఇంకా ఏపీ 36 నంబరు, వరంగల్ జిల్లా చిరునామా ఉంటే అది తప్పేమీ కాదు. కానీ అడగకముందే ఆ సంగతి వివరించాలి. వెనక బిగించిన క్రేను, సర్వీసు బాడీ ఆర్సీలో నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. ఆర్సీలో ఒక రకం బాడీ ఉండి ఎదుట ఇంకో రకం కనిపిస్తే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతుంది. పాత మిలిటరీ రంగుంటేనే గిరాకీ అని కొందరు దాన్ని అలాగే ఉంచుతారు. ఆ ఆలివ్ గ్రీన్ రంగును అదే నియమావళిలోని 121వ నిబంధన రక్షణ శాఖ బండ్లకే పరిమితం చేసింది. మనకు ముచ్చటగా కనిపించే ఆ రంగు కొన్నవారికి చలానాగా మారుతుంది.

సామాను మాటకొస్తే, బండి మోడల్ ఏదో స్పష్టంగా చెప్పాలి. జర్మనీ మ్యాన్ సంస్థ నమూనాతో జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీల ఉత్పత్తి 1996లోనే ఆగిపోయింది. దాని సామాను వెతుక్కోవాల్సిందే. అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ 713 లాంటివైతే కంపెనీ పేరు చెప్పగానే కొనేవారికి కొంత ధైర్యం వస్తుంది. ఐనా ముందు చక్రాలకు లాగుడు అందించే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగ్ సామాను మామూలు లారీల్లో ఉండవు. వాటిని ఇంతకుముందు ఎక్కడ తెప్పించారో, ఎవరు బాగుచేశారో, బిల్లు ఎంతయిందో రాసిపెట్టుకున్న యజమాని ఆ సమాచారాన్ని బండితోపాటు అందజేయవచ్చు. కొనేవారికి ఆ కాగితం కొత్త రంగుకన్నా ఎక్కువ విలువైనది.

మూడోది వయసు. సైన్యం బండి మీటరు తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంటే అదే పెద్ద గొప్పగా చెప్పాలనిపిస్తుంది. కానీ నిలబడి ఉన్న బండికీ వయసు మీద పడుతుంది. రబ్బరు పైపులు పగులుతాయి, సీళ్ళు ఎండి ఆయిలు కారుతుంది, డీజిలు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. టైరు పక్కగోడమీద అచ్చయిన నాలుగు అంకెలు దాని పుట్టినతేదీ చెప్పేస్తాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1416 అని ఉంటే అది 2016లో పద్నాలుగో వారంలో తయారైన టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు టైరుకు ఎవరూ కొత్త టైరు ధర ఇవ్వరు. కాబట్టి తక్కువ తిరిగిందని చెప్పే నోటితోనే ఎన్నేళ్ళు నిలిచి ఉందో కూడా చెప్పాలి.

ఇక చూపించే పద్ధతి. ఛాసిస్ నంబరు దగ్గర మట్టి గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో అడ్డంగా రుద్దండి. అంకెలు కాగితం మీద తెల్లగా తేలతాయి. ఆ అచ్చు, వేలం పత్రంలోని నంబరు, ఆర్సీలోని నంబరు మూడూ అంకె అంకె కలవాలి. ఆ పని కొనేవారి కళ్ళెదుటే చేయండి. ఇంజన్‌ను ముందే వేడిచేసి ఉంచకండి. చల్లగా ఉన్న ఇంజన్ మీద వారి చేతినే పెట్టించి, తర్వాత సెల్ఫ్ కొట్టించండి. ఎన్నో సెల్ఫుకు అందుకుందో, పొగ ఏ రంగులో వచ్చిందో వారే చూస్తారు. బరువు మీద నల్లపొగ కక్కుతుంటే నాజిళ్ళనో, పంపునో అనుమానించాలి. నీలంపొగ ఆగకుండా వస్తే ఆయిలు మండుతోందని అర్థం. బ్రీదరు దగ్గర బుసబుసమని పొగ ఊదుతుంటే ఇంజన్ బోరుకు వచ్చినట్టే. ఇవేవీ కొనేవారు వెంట తెచ్చుకునే మెకానిక్‌కు తెలియనివి కావు. అతను కనిపెట్టేలోపు మనం చెబితే అది నిజాయితీ, అతను కనిపెట్టాక ఒప్పుకుంటే అది దొరికిపోవడం. లోపం అదే, ధరలో తేడా మాత్రం చాలా ఉంటుంది.

ఎదురయ్యే అభ్యంతరాలు

అన్నీ చెప్పేస్తే ధర పడిపోదా అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. పడుతుంది. దాన్ని కాదనడం తప్పు. లోపాలు విన్న మొదటి మనిషి మీరు అనుకున్నదానికన్నా తక్కువే చెబుతాడు, కొందరు వెనక్కి కూడా వెళ్ళిపోతారు. అర్జంటుగా డబ్బు కావాల్సినవారికి ఈ పద్ధతి మొదట్లో కష్టంగానే ఉంటుంది. కానీ పోల్చాల్సింది మొదట చెప్పిన ధరను కాదు, చివరికి చేతికొచ్చి చేతిలోనే మిగిలిన డబ్బును. లోపం దాచి బయానా తీసుకున్న బేరాల్లో సగం గొడవ మిగతా డబ్బు ఇచ్చే రోజున మొదలవుతుంది. మెకానిక్ ఇలా అన్నాడు, ఫిట్‌నెస్‌కు ఇంత అవుతుందట అంటూ తగ్గింపు మీద తగ్గింపు అడుగుతారు. అప్పటికి ఇంకో గిరాకీ చేజారిపోయి ఉంటుంది, బయానా వెనక్కివ్వడానికి మనసొప్పదు, ఒత్తిడి మన మీదే ఉంటుంది. లోపాలు ముందే లెక్కలోకి వచ్చిన బేరంలో మళ్ళీ తగ్గించమనడానికి కొత్త కారణమేదీ మిగలదు. గట్టిగా నిలబడే హక్కు ముందే నిజం చెప్పిన మనిషికే ఉంటుంది.

కొనేవారే చూసుకోవాలి, మనం చెప్పాల్సిన పనేముంది అనేది రెండో మాట. ఈ మాటకు చట్టంలో కొంత ఆధారముంది. వస్తువు నాణ్యత గురించి అమ్మేవారు తమంతట తాము హామీ ఇచ్చినట్టు సాధారణంగా భావించకూడదని వస్తువుల అమ్మకపు చట్టం, 1930లోని 16వ సెక్షన్ అంటుంది. ఊరికే నోరు మెదపకపోవడం మామూలుగా మోసం కిందికి రాదని ఒప్పందాల చట్టం, 1872లోని 17వ సెక్షన్ వివరణ కూడా చెబుతుంది. కానీ అదే సెక్షన్ తెలిసిన విషయాన్ని పనిగట్టుకుని మరుగుపరచడాన్ని మోసంగానే లెక్కిస్తుంది. అలా కుదిరిన ఒప్పందాన్ని మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. అంటే ఛాసిస్ పగులుకు వెల్డింగ్ పెట్టి రంగు పులమడం, మీటరు వెనక్కి తిప్పడం, పొగ కనపడకుండా చిక్కటి ఆయిలు పోయడం మౌనం కిందికి రావు. అవి చేతలు. పైగా బండిని అమ్మే హక్కు తనకుందనీ, దానిమీద ఎవరి అప్పూ లేదనీ అమ్మేవారు హామీ ఇచ్చినట్టేనని 1930 చట్టంలోని 14వ సెక్షన్ అంటోంది. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్సీలో ఆ పేరు అలాగే ఉంటే ఫారం 35తో ముందుగానే తీయించుకోవాలి.

చట్టం ఎంతవరకు వదిలేస్తుందో అంతవరకు దాచుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. చిన్న జిల్లాల్లో అది కుదిరే పని కాదు. ఈ మూడు జిల్లాల్లో భారీ బండ్లు బాగుచేసే మెకానిక్‌లు, బాడీ కట్టేవారు, క్వారీ కాంట్రాక్టర్లు ఒకరికొకరు తెలిసినవారే. ఒక బండి అమ్మి వ్యాపారం మానుకునేవారు అరుదు. రేపు అదే మనుషుల దగ్గరే ఇంకో బండి కొనాలి, అమ్మాలి, అప్పు పుట్టించుకోవాలి. అక్కడ పోయిన పేరు తిరిగి రావడానికి పట్టే కాలంతో పోలిస్తే ఒక బేరంలో మిగిలిన సొమ్ము చాలా చిన్నది.

అమ్మిన తర్వాత ఆర్సీలో ఎవరి పేరుంది

దాచిన లోపానికి రెండోసారి కట్టే మూల్యం ఇక్కడ బయటపడుతుంది. కాగితంలోని లోపాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది పేరు మార్చకుండా బండి అప్పగించడం. మోటారు వాహనాల చట్టంలోని 2(30) నిర్వచనం ప్రకారం రిజిస్టరులో ఎవరి పేరుందో వారే యజమాని. 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసు లారీదే. 1993లో అమ్మేసిన ఆ లారీ 1994లో ప్రమాదం చేసింది. అప్పటికీ పేరు మారలేదు. పరిహారం విషయంలో రిజిస్టరులో పేరున్న పాత మనిషినే యజమానిగా చూడాలని కోర్టు చెప్పింది. 2018 ఫిబ్రవరిలో మరో తీర్పు ఇదే మాటను ఇంకా గట్టిగా చెప్పింది. ఆ కేసులో బండి ఒకరి తర్వాత ఒకరుగా పలువురి చేతులు మారింది. ప్రమాదంలో నష్టపోయిన కుటుంబం ఆ గొలుసులో ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ తిరగాల్సిన అవసరం లేదనీ, రిజిస్టరులో ఉన్న యజమానే బాధ్యుడని కోర్టు తేల్చింది. ఆ సమయానికి బీమా లేని బండైతే ఆ భారం ఎవరి ఆస్తిమీద పడుతుందో ఆలోచించండి.

ప్రమాదం ఒక్కటే కాదు. భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఇసుక రీచ్‌లున్నాయి. మీరు సర్వీసు లారీగా అమ్మిన బండికి రేపు ఎవరైనా ఇసుక బాడీ కట్టి, అనుమతి లేకుండా రాత్రిపూట తోలితే, పట్టుకున్నవారు మొదట వెతికేది ఆర్సీలోని పేరే. మూడు నెలలకోసారి కట్టాల్సిన పన్ను బకాయి, ఈ-చలానాలు అన్నీ అదే పేరుమీద పేరుకుంటాయి. అందుకే ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి బండి అప్పగించడం ఎంత పరిచయస్తుల విషయంలోనైనా పనికిరాదు. బ్రోకరు చూసుకుంటాడులే అన్న ధీమా కూడా సరికాదు. గిరాకీ తేవడం, బేరం కుదర్చడం అతని పని, దానికి కమీషను న్యాయమే. కానీ 50వ సెక్షన్ కింద 14 రోజుల్లో అమ్మకాన్ని తెలియజేయాల్సింది అమ్మినవారు, 30 రోజుల్లో దరఖాస్తు చేయాల్సింది కొన్నవారు. మధ్యవర్తి ప్రస్తావన చట్టంలో లేదు. ఫారం 29, ఫారం 30 పూర్తిగా నింపి, కొనేవారి ఆధార్ నకలుతో సహా మీరే వెంట ఉండి పెట్టించండి, రసీదు మీ దగ్గర ఉంచుకోండి. మహదేవ్‌పూర్ దాటితే సిరోంచ, అది మహారాష్ట్ర. అటు నుంచి కొనేవారు వస్తే ఫారం 28తో ఎన్‌వోసీ తీసుకోవాలి, అప్పుడు తెలియజేసే గడువు 45 రోజులు. బీమా కూడా 14 రోజుల్లో కొన్నవారి పేరుకు మార్పించుకోవాలని 157వ సెక్షన్ చెబుతోంది. ఆ పని వారిదే అయినా జరిగిందో లేదో అడిగి తెలుసుకోవడం మనకు క్షేమం.

డబ్బు తీసుకునే తీరు కూడా ఈ జాగ్రత్తలో భాగమే. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బు అమ్మకానికి సాక్ష్యంగా కూడా నిలుస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టరు తన వ్యాపారపు బండి అమ్మితే 2025 జనవరి నుంచి లాభపు వాటా మీద 18 శాతం పన్ను ఉంది. రిజిస్ట్రేషన్ లేని మామూలు యజమానికి అది వర్తించదు.

ధర కట్టే పద్ధతి

నిజం చెప్పి అమ్మాలంటే ముందు మనకు నిజం తెలియాలి. ఒకే బండికి మూడు ధరలుంటాయి. మొదటిది తుక్కు ధర. బండిని వే బ్రిడ్జి కాటా మీద పెట్టి చిట్టీ తీసుకుని, ఆ వారం పాత ఇనుము రేటుతో హెచ్చవేస్తే అడుగు ధర తెలుస్తుంది. అంతకన్నా తక్కువ చెప్పేవారితో మాటలు పెంచనక్కర్లేదు. రెండోది విడిభాగాల ధర. కంప్రెసరు, వెల్డింగ్ సెట్టు, క్రేను విడిగా ఎంతకు పోతాయో విచారించాలి. బండి నడవకపోయినా అవి పనిచేస్తుంటే వాటి విలువ వాటికుంటుంది. మూడోది నడిచే బండి ధర. కొత్త ఫిట్‌నెస్ చేతిలో ఉంటే ఈ ధర ఒక రకంగా, లేకపోతే ఇంకో రకంగా ఉంటుంది. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, 15 ఏళ్ళు దాటినవాటికి 2022 నుంచి ఫీజులు బాగా పెరిగాయి. ఆ ఖర్చు మనం పెట్టి అమ్మాలా, కొనేవారికి వదిలి ధర తగ్గించాలా అన్నది లెక్కవేసి తేల్చుకోవాలి. చాలాసార్లు మనమే చేయించి అమ్మడం మేలు. ఎందుకంటే ఫిట్‌నెస్ పత్రం మన మాటకు బయటివారి సాక్ష్యం.

మూడు ధరలూ వేశాక తుక్కే మేలని తేలితే దాన్ని ఓటమిగా అనుకోకూడదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల, ప్రభుత్వ రంగ సంస్థల పేరున ఉన్న బండ్లకు 15 ఏళ్ళు దాటితే 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ కొనసాగించడం లేదు. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక బండ్లకు మాత్రమే మినహాయింపు ఉంది. కాబట్టి ఇకమీదట ప్రభుత్వ వేలాల్లో పాత బండి కొనాలనుకునేవారు అది రోడ్డెక్కేదా, తుక్కుకు పోయేదా అని ముందే చూసుకోవాలి. ప్రైవేటు పేరున ఉన్న బండికి ఆ నిబంధన వర్తించదు. కానీ దాన్ని తుక్కుకు వేసేటప్పుడు కూడా కాగితం పని పూర్తిచేయాల్సిందే. పాత ఇనుము కొట్టుకు తోలి చేతులు దులుపుకుంటే ఆర్సీ బతికే ఉంటుంది. పన్ను పెరుగుతుంది, ఆ నంబరు ఇంకో బండికి అంటుకునే ప్రమాదమూ ఉంది. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుని, మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి.

రాసివ్వడం

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక్క కాగితంలోకి రావాలి. బండిని అమ్మకానికి పెడుతున్నానని ఎవరికైనా చెప్పేముందే దాన్ని తయారుచేసుకోండి. పైన మోడల్, తయారీ సంవత్సరం, ఛాసిస్, ఇంజన్ నంబర్లు, వేలం వివరం రాయండి. కింద పనిచేస్తున్నవి ఒకవైపు, లోపాలు ఇంకోవైపు. లోపాల వైపు అస్పష్టంగా రాయకండి, కచ్చితంగా రాయండి. బ్రేకులు కొంచెం వీక్ అనే బదులు ఎడమ వెనక చక్రం దగ్గర గాలి లీకవుతోంది, ట్యాంకు నిండడానికి ఇంతసేపు పడుతోంది అని రాయండి. మీకు తెలియనివి కూడా రాయండి. సైన్యం దగ్గర ఉన్నప్పుడు ఇంజన్ విప్పారో లేదో తెలియదని రాయడంలో చిన్నతనమేమీ లేదు. చివర తేదీ, సమయం వేసి, ఇద్దరూ సంతకం చేసి, చెరో ప్రతి ఉంచుకోవాలి. సమయం ఎందుకంటే బండి అప్పగించిన ఆ గంట తర్వాత జరిగినది ఎవరి చేతిలో జరిగిందో తెలియాలి కాబట్టి. ఆ కాగితం పేరు మార్పిడికి బదులు కాదు. పేరు మారేదాకా మనకు అండగా ఉండే సాక్ష్యం మాత్రమే.

ఈ పద్ధతి అలవడితే దాని ఫలితం ఒక్క లారీతో ఆగదు. తన వస్తువు గురించి తానే మంచీచెడూ రాసుకోగలిగిన మనిషికి దాని విలువ మీద పట్టు వస్తుంది. ఆ పట్టు ఉన్నవారు ఎక్కువ అడిగి నవ్వులపాలు కారు, భయపడి తక్కువకు ఒప్పుకోరు. బేరంలో గొంతు పెంచాల్సిన అవసరమూ వారికి రాదు. పొలమైనా, ట్రాక్టరైనా, దుకాణమైనా రేపు అమ్మాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది ఈ అలవాటే. మొదలుపెట్టాల్సింది మాత్రం ఇవాళే. బండి తాళం పక్కన పెట్టి ఫైలు తీయండి. అందులో ఏ కాగితం లేదో చూసుకోండి. ముందు అది తెప్పించుకుని, ఆ తర్వాతే ధర గురించి ఆలోచించండి.